ఒక్క రింగు

తాడు కట్టిందా, కట్టలేదా? బస్సు మలుపు తిరిగింది, ఒళ్ళో ల్యాప్‌టాప్ పక్కకి జారింది, ఆమె దాన్ని పసిబిడ్డని పట్టినట్టు రెండు చేతులా ఒడిసి పట్టుకుంది. తెర మీద అదే తెల్ల గీత, ఆరుతూ వెలుగుతూ, లోపల మనుషులుండీ తలుపు తియ్యని ఇంటి ముందు నిలబడినట్టు. జవాబు లేదు. కొండల అవతల, నది ఆ ఒడ్డున, ఒక చిన్న ఆసుపత్రి. దాని వెనక భవనంలో, మేడ మీద, తాళం వేసిన గదిలో ఒక నల్లటి రూటర్ పెట్టె. పుస్తకమంత ఉంటుంది. ఆసుపత్రిలోకి వచ్చే ఇంటర్నెట్ అంతా దాని గుండానే రావాలి. నేల కింద నుంచి వచ్చే కేబుల్ ఒక దారి, డాబా మీది యాంటెన్నా రెండో దారి. ఒకటి పడిపోతే రెండోది సిద్ధంగానే ఉంటుంది, కాని మొదటిది పడిపోయిందని ఆ పెట్టెకి తెలియదు, ఎవరో ఒకరు చూసి మార్చాలి, ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఆమే. ఆ మార్పు దానంతట అదే జరిగేలా చేద్దామని ఈ మధ్యాహ్నం బస్సులో కూర్చుని, ఎవరినీ అడక్కుండా, పెట్టె మీద చెయ్యి వేసింది. పని జరిగే వేళలో పెట్టెని ముట్టుకోకూడదని అందరికీ నేర్పింది ఆమే. ముట్టుకుంది. ఎందుకంటే ఆ ఆసుపత్రిలో, కిటికీ పక్క మంచం మీద, నిన్నటి నుంచి అమ్మ ఉంది.

అమ్మ గుండె లయ తప్పింది. అక్కడ గుండె డాక్టరు లేడు. ఎక్కడో మహానగరంలో కూర్చున్న డాక్టరు, అమ్మ ఛాతీకి అంటించిన తీగల్లోంచి వచ్చే గీతని తన తెర మీద చూస్తూ, నర్సుకి చెబుతూ ఉంటాడు, ఈ మందు వెయ్యి, ఇది ఆపు అని. ఆ గీత వెళ్ళేది ఈ పెట్టెలోంచే. కేబుల్ తెగితే, ఎవడో రోడ్డు తవ్వి ఒక్క గునపం పోటు పొడిస్తే, అప్పుడు తను బస్సులో నిద్రపోతూ ఉంటే? అదే భయం పొద్దున్నుంచీ చెవిలో జోరీగలా తిరిగింది. ఆ జోరీగని చంపబోయి ఆమె తన చెంప తనే వాయించుకుంది. ఎవడూ రోడ్డు తవ్వలేదు. ఏ గునపమూ పడలేదు. కొత్త దారి చూపించి, అది నడుస్తోందని నమ్మకం కుదిరాక పాత దారి తీసెయ్యాలి. ఆమె పాతది ముందు తీసేసింది. ఆ పాత దారిలోంచే తను లోపలికి వెళ్ళానన్న సంగతి ఆ ఒక్క క్షణం మరిచింది. ఇంత అనుభవం పెట్టుకుని, కూర్చున్న కొమ్మ నరుక్కుంది. ఇప్పుడక్కడ కేబుల్ నిక్షేపంలా ఉంటుంది, యాంటెన్నా నిక్షేపంలా ఉంటుంది, రెండింటి దీపాలూ పచ్చగా వెలుగుతూనే ఉంటాయి. ఎటు పంపాలో పెట్టెకి తెలియదు, అంతే. రెండు వాకిళ్ళూ బార్లా తెరిచిన ఇంట్లో కళ్ళకి గంతలతో నిలబడ్డ మనిషిలా ఉండి ఉంటుంది అది.

తాడు అన్నది పెద్దాయన మాట. ఈ పనిలో ఆమెకి ఓనమాలు దిద్దించిన పెద్దాయన, మాటకి ముందు ఒక దగ్గు, మాటకి వెనక ఒక దగ్గు. దూరాన ఉన్న పెట్టెలోకి దిగే ముందు తాడు కట్టుకోమ్మా అనేవాడు, బావిలోకి దిగేవాడు నడుముకి కట్టుకున్నట్టు. తాడంటే పెట్టెకి ఇచ్చే ఒక చిన్న ఆజ్ఞ. నేనిప్పుడు నీలో మార్పులు చేస్తున్నాను, ఇంతసేపట్లో నేను తిరిగి వచ్చి అంతా సవ్యమే అనకపోతే, నేను చేసినదంతా మరిచిపోయి పాత పద్ధతికి వెళ్ళిపో. అంతే. దారి మూసుకుపోయినా భయం లేదు, గడువు తీరగానే పెట్టె తనంతట తనే ఆరి, వెలిగి, పాత బుద్ధితో లేస్తుంది. ఆమె ఎప్పుడూ పది నిమిషాల గడువు పెట్టేది. ఇవాళ గంట పెట్టాలనుకుంది, దారిలో సొరంగం ఉంది, సొరంగంలో ఫోను అందదు, చిన్న గడువైతే పని సగంలో ఉండగానే పెట్టె వెనక్కి మళ్ళుతుంది. గంట అనుకోవడం గుర్తుంది. ఆ అనుకోవడం శుభ్రంగా గుర్తుంది. కొట్టడం? వేళ్ళకి గుర్తుంది, కాని ఆ వేళ్ళు ఇదే మాటని ఎన్ని ఊళ్ళ పెట్టెల్లో ఎన్నిసార్లు కొట్టాయో, ఆ గుర్తు ఇవాళ్టిదో పోయిన నెలదో వేళ్ళు చెప్పవు. తాళం వేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే వాళ్ళది ఎంత అదృష్టం, వాళ్ళు వెళ్ళి లాగి చూసుకోగలరు. సరిగ్గా అప్పుడే కండక్టరు వచ్చాడు, టికెట్ అన్నాడు, ఆమె సంచీ అంతా గాలించి చూపించింది, మళ్ళీ మీటల మీదికి వచ్చింది. తాడు టికెట్‌కి ముందా, తర్వాతా, అసలు లేదా? కొట్టినవన్నీ తెర మీద వరసగా ఉండేవి, పైకి జరిపి చూస్తే తెలిసిపోయేది. లైను తెగిన కంగారులో తెర మీది ఆ కిటికీని మూసి మళ్ళీ తెరిచింది ఆమే. ఇప్పుడది తుడిచిన పలక.

ఆ వెంటనే నర్సు ఫోను చేసింది.

"మేడమ్, డాక్టరు గారు పోయారండీ" అంది. "అంటే, తెర మీంచి. బొమ్మ పోయి గుండ్రంగా ఏదో తిరుగుతోంది. మీవాళ్ళెవరైనా ఏమైనా చేస్తున్నారా?"

"చూస్తున్నాం సిస్టర్. కాస్త టైం పడుతుంది." చూస్తున్నాం. ఉన్నది తనొక్కతే, తప్పు చేసిన మనిషికి వెనక పదిమంది కావాలి కాబోలు. "ఆ పై గదిలోకి ఎవరైనా వెళ్ళగలరా?"

"తాళం వాచ్‌మన్ దగ్గరుంది. జనరేటర్‌కి డీజిల్ తేవడానికి పోయాడు. ఫోను ఎత్తడు, బండి మీదుంటే అసలు ఎత్తడు. నేను వార్డు వదిలి కదల్లేను, ఒక్కదాన్నే ఉన్నా."

పెట్టె కరెంటు తీగ ఒక్కసారి పీకి పెడితే చాలు. చేసిన మార్పుల్ని ఆమె భద్రం చెయ్యలేదు. పరీక్షించకుండా భద్రం చెయ్యడం ఆమె జన్మలో లేదు. అది నిశ్చయం, అదొక్కటే నిశ్చయం. తీగ పీకి పెడితే పెట్టె పాతవే తలుచుకుంటూ లేస్తుంది. పీకే చెయ్యి కావాలి. లేదా తాడు కట్టి ఉండాలి. కట్టే ఉంటుంది. ఇన్నేళ్ళలో కట్టనిదెప్పుడు? గంట చాలు, గంటలో అదే లేస్తుంది, అందులో కొంత ఇప్పటికే గడిచింది, కదలకుండా కూర్చుంటే చాలు. పక్క సీటు మనిషి, ఒళ్ళో పాత సీలింగ్ ఫ్యాను పెట్టుకున్న పెద్దమనిషి, రెక్కలు విడిగా గోనెగుడ్డలో చుట్టి కాళ్ళ దగ్గర నిలబెట్టుకున్నాడు, ఆమె వేళ్ళ వంక చాలాసేపట్నుంచి చూస్తున్నాడు.

"అంత గట్టిగా కొడితే ఆ మీటలు ఊడొస్తాయమ్మా" అన్నాడు. "మా ఇంట్లో రిమోటు అలాగే పోయింది."

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. నిజమే, జవాబు రాదని తెలిసీ అదే మీట కొడుతోంది, ఉన్నావా, ఉన్నావా, ఉన్నావా. ఆమె వృత్తి అంతా ఆ ఒక్క ప్రశ్నే. ఒక పెట్టె ఇంకో పెట్టెని క్షణక్షణం అడుగుతుంది, ఉన్నావా అని, అది ఉన్నాను అంటుంది, అంతకంటే ఏమీ మాట్లాడుకోవు, ఆ ఉన్నాను ఆగిపోతే పోయిందని లెక్క, వెంటనే రెండో దారి పట్టాలి. ఆ వెంటనేలోనే కిటుకంతా ఉంది. ఒక్కసారి జవాబు రాకపోతే పోయినట్టు కాదు, ఏదో అడ్డం వచ్చి ఉంటుంది, తొందరపడి దారి మారిస్తే ఊరికే అటూ ఇటూ ఊగిసలాట, అందుకని మూడుసార్లు చూడు, మూడుసార్లూ మౌనమే అయితే అప్పుడు పోయిందనుకో. కొత్తవాళ్ళకి ఆమె ఇలాగే చెబుతుంది, మూడు వేళ్ళు చూపించి మరీ. నిన్న పొద్దున అమ్మ మిస్డ్ కాల్ రాలేదు. రోజూ పొద్దున్నే వస్తుంది, ఒక్క రింగు, అమ్మ నంబరు వెలిగి ఆరుతుంది. లేచాను, బాగున్నాను అని అర్థం. ఎత్తకూడదు. పొరపాటున ఎత్తితే తిట్టేది, ఎందుకు ఎత్తావే, నీకు పనీ పాటా లేదా అని. అమ్మ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసిన మనిషి, గోడంత బోర్డు ముందు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, చేత్తో తీగలు గుచ్చి ఊళ్ళని కలిపిన మనిషి, మాట్లాడ్డానికి ఏమీ లేనప్పుడు లైను పట్టుకోవడం అంటే ఆవిడకి ఇంకొకరి దారికి అడ్డంగా నిలబడ్డమే. ఆ ఒక్క రింగు నిన్న రాలేదు. ఆమె చూసింది. చూసి, ఒకటి తప్పితే తప్పినట్టు కాదులే అనుకుంది. సిగ్నల్ అందలేదేమో, ఛార్జింగ్ పెట్టలేదేమో. రేపు చూద్దాం. కన్నతల్లి విషయంలో మూడు మౌనాలు లెక్కపెట్టడానికి కూర్చుంది. మధ్యాహ్నానికి చెల్లెలి దగ్గర్నుంచి ఒక ముక్క వచ్చింది, రెండేళ్ళలో మొదటిది. అమ్మ ఆసుపత్రిలో ఉంది. నువ్వు నెట్ చూసే ఆసుపత్రే. అంతే. ఎలా ఉంది అని ఆమె రాస్తే జవాబు లేదు.

చెల్లెలు. ఆ మాట దగ్గరికి రాగానే బుర్ర కాలు కాలిన పిల్లిలా పక్కకి దూకుతుంది. వద్దు. గంట ఎంతలో గడుస్తుంది, తాడు కట్టే ఉంటుంది. కిటికీలోంచి ఎర్రటి కొండ కోత, పైనుంచి జారి పడ్డ రాళ్ళు, రాళ్ళకి ఇనప వల. ఎక్స్‌ఛేంజిలో ఎప్పుడూ ఇనప వాసన, అమ్మ వేళ్ళ కొసలకి మాత్రం ఇత్తడి వాసన, జడ వేస్తుంటే మెడ మీద చల్లగా తగిలేవి. ఒక ఊరికి నేరుగా లైను దొరక్కపోతే అమ్మ ఇంకో ఊరి మీదుగా తిప్పి ఇచ్చేది, అదీ కుదరకపోతే మరో ఊరు చుట్టి, అవతలవాళ్ళకి తెలియను కూడా తెలియదు తమ మాట ఎంత ఊరేగి వచ్చిందో. ఎవరింట్లోనో చావుకబురు, ఎవరికో పురుడు, వాటిని ఊరికే వదిలెయ్యలేను కదే అనేది. నాన్న లేడు, ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. వీధి దీపాలు వెలిగేసరికి నేను రాకపోతే చెల్లెల్ని తీసుకుని అత్త ఇంటికి వెళ్ళిపో, తిని అక్కడే పడుకోండి. రోజూ గుమ్మం దాటుతూ అదే మాట. ఒకనాడు గాలివాన. ఊళ్ళ మధ్య లైన్లు పటపటా తెగిపోయాయి, వీధి దీపాలు వెలిగాయి, అమ్మ రాలేదు. వెళ్దాం పదవే అని చిన్నది చెయ్యి లాగింది. వస్తుంది, ఉండు, అని తను ఆ చిన్న మణికట్టు వదల్లేదు. అత్త ఇల్లు రెండు సందుల అవతలే. చిన్నది ఏడ్చింది, కొరికింది, చివరికి గుమ్మంలోనే నిద్రపోయింది, ఖాళీ కడుపుతో. అమ్మ తడిసి ముద్దయి వచ్చి ఇద్దర్నీ చూసి, కొట్టలేదు. చీర కొంగు పిండుకుంటూ అంది. గడువు దాటాక నేను రాననుకోవాలి. రాననుకోవడం నేర్చుకో. నా కోసం కూర్చోమని నేను చెప్పానా?

ఫోను మోగింది. నర్సు.

"మేడమ్, అమ్మగారికి తేడాగా ఉంది" అంది. ఈసారి గొంతులో గబగబ. "ఉన్నట్టుండి గుండె దడదడలాడుతోంది, లయ మారింది. డాక్టరు గారికి ఫోను చేశా. గీత చూడకుండా మందు ఎక్కించొద్దంటున్నారు. ఒక రకం గీతకైతే అదే మందు, ఇంకో రకానికైతే అదే ప్రమాదమట. ఫోటో తీసి పంపా, పోవట్లేదు, ఈ గోడల్లో ఫోను మాటకే సరిగా అందదు. ఎంతసేపు మేడమ్?"

"ఇంకో…" అంది ఆమె. ఇంకో ఎంత? గడియారం చూసింది. గంటలో సగం దాటింది అంతే. తాడు కట్టి ఉంటే మిగతా సగం ఆగాలి. కట్టకపోతే ఆ సగం తర్వాత కూడా ఇలాగే ఉంటుంది, తెల్ల గీత ఆరుతూ వెలుగుతూ. "అమ్మ మాట్లాడుతోందా?"

"పిలిస్తే కళ్ళు తెరుస్తున్నారు. నేను మంచం దగ్గర్నుంచి కదలట్లేదు. మీరు మాత్రం తొందరగా కానివ్వండి."

వస్తుంది, ఉండు. వస్తుంది, ఉండు. గుమ్మంలో కూర్చున్న పిల్ల ఇంకా అక్కడే కూర్చుని ఉంది, చెల్లెలి మణికట్టు పట్టుకుని. రాదనుకో. తాడు లేదనుకో. అనుకోవడానికి ఎందుకింత కష్టం, ఒక్క మాటే కదా, లేదు. లేదు అనుకుంటే వెంటనే రెండో దారి పట్టాలి, అందుకు కష్టం. రెండో దారి మొదట్నుంచీ ఆ ఊళ్ళోనే ఉంది, ఆసుపత్రికి నాలుగు వీధుల అవతల, బడిపిల్లల వ్యాన్ నడుపుకుంటూ. రెండేళ్ళ కిందట అమ్మ స్నానాల గదిలో జారిపడ్డప్పుడు, పెద్దది ఊరునుంచి వచ్చి అమ్మ ఇంట్లో మూడు కెమెరాలు పెట్టింది, వంటింట్లో, హాల్లో, వరండాలో, ఎక్కడున్నా ఫోనులో చూసుకోవచ్చని. నేను ఇక్కడే ఉన్నాగా, కెమెరాలెందుకు అంది చిన్నది. నువ్వెప్పుడు ఉంటావో ఎప్పుడు ఉండవో నీకే తెలియదు, నిన్ను నమ్ముకుని నేను నిద్రపోలేను అంది పెద్దది. అన్నది. ఆ మాట అన్నది. చిన్నది వెళ్ళేటప్పుడు వరసగా మూడు ప్లగ్గులూ పీకేసి చేతి సంచీలో వేసుకుని పోయింది. అంతే, రెండేళ్ళు. మధ్యలో అమ్మ, ఇటు మాట అటు, అటు మాట ఇటు, ఎక్స్‌ఛేంజిలో కూర్చున్నట్టే. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని? మొహం లేకపోతే లేదు. ఫోనులో మొహం కనబడదు కదా. ఆమె వేలు ఆ పేరు మీద ఆగింది, బస్సు కుదుపుకి దిగిందో, ఆమే దించిందో.

"ఊఁ" అంది అవతల గొంతు.

"చిన్నీ, నేను."

"తెలుసు. నంబరు తీసెయ్యలేదులే. చెప్పు."

"అమ్మ దగ్గరున్నావా?"

"ఇప్పుడే ఇంటికొచ్చా, ఒంటి మీద రెండు చెంబులు పోసుకుందామని. రాత్రంతా అక్కడే ఉన్నా. ఏం, నీ కెమెరాలో కనపడలేదా?"

ఆమె చెప్పింది. ముందుది వెనక, వెనకది ముందు, పెట్టె అంది, దారి అంది, మందు అంది, నేనే పాడుచేశా అంది, డాక్టరుకి అమ్మ కనపడ్డం లేదు అంది. పక్క సీటు పెద్దమనిషి ఫ్యానుని ఇంకాస్త దగ్గరికి పొదువుకున్నాడు.

"ఏడవకు" అంది చెల్లెలు. "ఏడిస్తే సగం మాటలు తెలియట్లేదు. ఇప్పుడు నేనేం చెయ్యాలి, అది చెప్పు."

"వెనక బిల్డింగు, మేడ మీద గది. తాళం పగలగొట్టాలి. లోపల నల్ల పెట్టె ఉంటుంది, దాని కరెంటు తీగ పీకెయ్యాలి."

అవతల తలుపు దబ్బున పడింది, బండి తాళాల చప్పుడు.

"పీకడమేగా" అంది చెల్లెలు. "అందులో నాకు మంచి పేరుంది. వ్యాన్‌లో టైరు మార్చే రాడ్డు ఉంది, తాళం సంగతి అది చూసుకుంటుంది. పెట్టెయ్యకు, చెవిలో పెట్టుకునే పోతా."

వ్యాన్ మోత, హారన్ల మీద హారన్లు, ఎవర్నో తిట్టిన తిట్టు. ఆ మోతంతా ఆమె చెవికి అదిమి పట్టుకుంది. నాలుగు వీధులు. మొదటి వీధి మూల మీద మందుల షాపు, తర్వాత చెక్కల అడితి, తర్వాత, గుర్తు రావడం లేదు, రెండేళ్ళలో ఏవేం మారాయో. అమ్మ కళ్ళు తెరుస్తోందా, ఇంకా పిలిస్తే తెరుస్తోందా?

"నిన్న ఎలా తెలిసింది చిన్నీ?" అంది.

"పొద్దున మిస్డ్ కాల్ రాలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తా. మంచం పక్కన కింద పడుంది."

"నీకూ ఇస్తుందా?"

"నీకిచ్చాక నాకిస్తుంది. నువ్వొక్కదానివే కూతురివనుకున్నావా?"

ఒక్కసారికే పరిగెత్తింది. ఒక్కటి తప్పితే తప్పినట్టే అనుకుంది. ఆ మనిషిని నమ్ముకుని నిద్రపోలేనన్నది తను. మెట్లు ఎక్కుతున్న చప్పుడు, రొప్పు, ఇనుము ఇనుము మీద పడ్డ చప్పుడు, మళ్ళీ, మళ్ళీ. ఎవరో మగగొంతు ఏయ్ ఏయ్ అంది, నోర్మూసుకుని పక్కకి జరుగు అంది చెల్లెలు. తర్వాత ఏదో ఊడి గచ్చు మీద గణగణా దొర్లింది.

"వచ్చేశా. రెండు నల్ల పెట్టెలున్నాయే. ఏది?"

"పచ్చ దీపాలు…"

"రెండింటికీ పచ్చవే."

"ఒక నారింజ తీగ, ఒక నీలం తీగ, రెండూ పక్కపక్కన దిగిన పెట్టె. వాటిని ముట్టుకోకు. వెనకాల సన్నటి నల్ల తీగ ఉంటుంది, అది."

"పీకా. దీపాలన్నీ ఆరిపోయాయి. చచ్చిందా?"

"చావాలి. పది లెక్కపెట్టి మళ్ళీ పెట్టు."

చెల్లెలు పైకే లెక్కపెట్టింది. దాగుడుమూతల్లో గోడకి మొహం పెట్టి లెక్కపెట్టిన రాగమే, అచ్చం అదే తొందర. నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది.

"ఏడు మింగేశావు" అంది ఆమె. తన నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియలేదు.

"నువ్వు ఇంకా లెక్క చూస్తూనే ఉన్నావా. తొమ్మిది, పది. పెట్టా. దీపం ఒకటి ఎర్రగా…"

చీకటి. బస్సు సొరంగంలోకి దూరింది, గొంతు పుటుక్కున తెగింది. ఫోను తెర మీద ఏమీ లేదు, ఒక్క సిగ్నల్ గీత కూడా లేదు. ఎర్రగా అంటే మంచిదే, ముందు ఎరుపే వస్తుంది, తర్వాత నారింజ, తర్వాత పచ్చ, లేచేసరికి కాస్త పడుతుంది, నిద్రలేచిన ముసలివాళ్ళలా అన్నీ తడుముకుంటూ లేస్తుంది, నేనెవర్ని, నా దారులేవి. లేక ఎర్రగానే ఆగిపోయిందా? పాతది, ఎన్నాళ్ళదో, ఆపి పెడితే ఇక లేవని పెట్టెల్ని ఎన్నిటిని చూసింది. బస్సు పైకప్పు దీపం ఒకటి మిణుకుమిణుకు మంటోంది, గోడల మీదనుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు, ముందు సీట్లో ఎవరో తుమ్మారు. మందు ఎక్కించకపోతే ఎంతసేపు ఆగుతుంది గుండె, అడగలేదు, అడగడానికి భయపడింది. లేదు అనుకోవడం నేర్చుకో. ఇదా నేర్చుకోవలసింది అమ్మా, ఇదీ అనుకోవాలా, ఈ చీకట్లో, ఫ్యాను రెక్కల పక్కన కూర్చుని? అనుకోలేను. వీధి దీపాలు వెలిగినా అనుకోలేను. నువ్వు తడిసి రా, తిట్టు, కొంగు పిండుకో, నేను ఇక్కడే కూర్చుంటాను. సొరంగం ఎంతకీ తెగదు. ఆమె రెండు చేతులూ ల్యాప్‌టాప్ మీద బోర్లించింది, కింద యంత్రం వెచ్చగా, సన్నగా కొట్టుకుంటోంది. పక్కాయన గోనెగుడ్డ మూట కాస్త జరిపి ఆమె కాళ్ళకి చోటిచ్చాడు.

వెలుతురు కళ్ళలో గుచ్చుకుంది. తెల్ల గీత ఒకసారి వణికింది, కిందికి దూకింది, వెంట ఒక వరస, ఇంకో వరస, గబగబా, పెట్టె మాట్లాడుతోంది, పాత పెట్టె, పాత బుద్ధి, ఉన్నాను అంటోంది. తాడు కట్టిందో లేదో ఇక ఎప్పటికీ తెలియదు. భద్రం చెయ్యనిదేదీ కరెంటు పోయాక పెట్టెకి గుర్తుండదు. ఆమె నర్సుకి ఫోను చేసింది, ఎంగేజ్, మళ్ళీ చేసింది.

"వచ్చారు మేడమ్, డాక్టరు గారు వచ్చారు, గీత చూస్తున్నారు, మందు ఎక్కించమంటున్నారు, ఉండండి…" పెట్టేసింది.

ఇక ఎవరూ ఎత్తలేదు. నర్సు ఎత్తలేదు, చెల్లెలు ఎత్తలేదు. పెట్టెలోకి దారి బార్లా తెరిచి ఉంది, కావాలంటే దారి దానంతట అదే మారేలా చేసే పని ఇప్పుడే మళ్ళీ మొదలుపెట్టవచ్చు, ఈసారి వరస తప్పకుండా. ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది. బస్సు దిగువకి జారుతోంది, దూరాన నది సన్నగా, తళుక్కుమంటూ. ఒక మైలు రాయి పోయింది, ఇంకోటి పోయింది. గంట ఎప్పుడు నిండిందో చూడలేదు. ఏం జరిగినా జరిగిపోయే ఉంటుంది, తనకి చెప్పడమే మిగిలింది, చెప్పేవాళ్ళు మాటలు వెతుక్కుంటూ ఉండి ఉంటారు, వార్డు బయట వరండాలో, నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అనుకుంటూ.

అరచేతిలో ఫోను వెలిగింది. అమ్మ.

ఒక్క రింగు. ఇక్కడ ఆగాలి. ఇక్కడే ఆగుతుంది, ఎప్పుడూ ఇక్కడే ఆగుతుంది. ఆగలేదు. రెండో రింగు. అమ్మ ఎప్పుడూ రెండోది మోగనివ్వలేదు, జన్మలో మోగనివ్వలేదు, అయితే అది అమ్మ కాదు, అమ్మ ఫోను ఇంకెవరి చేతిలోనో ఉంది, అమ్మ ఫోనుతో ఇంకెవరో తనకి ఏదో చెప్పబోతున్నారు. మూడో రింగు. మూడుసార్లు చూడు, అప్పుడు అనుకో. నాలుగోది.

"ఎత్తమ్మా" అన్నాడు పక్కాయన మెల్లగా. "మోగుతోంది."

ఎత్తకూడదండీ, అనబోయింది. ఎత్తకపోతే ఏ కబురూ రానట్టు, ఎత్తనంతసేపూ ఏమీ జరగనట్టు. ఆమె ఎత్తింది. చెవికి ఆనించుకుంది. మంచం కిర్రుమంది. ఎవరో ఆయాసంగా ఊపిరి పీల్చారు.

"ఎత్తావెందుకే" అంది అమ్మ. గొంతు చిరిగిన పేలికలా ఉంది, కాని తిట్టు తిట్టే. "ఒక్క రింగిచ్చి కట్ చేద్దామంటే ఈ వేలు నా మాట వినట్లేదు. చిన్నది పక్కనే కూర్చుని చోద్యం చూస్తోంది గాని సాయం చెయ్యదు."

"నేనెందుకు చేస్తా" అంది వెనకనుంచి చెల్లెలి గొంతు. "ఎత్తనీ అనే చూస్తున్నా."

"లైను ఊరికే పట్టుకున్నాం. పెట్టెయ్యనా?" అంది అమ్మ.

బస్సు వంతెన ఎక్కింది, కింద నీళ్ళు, ఇనప కమ్ముల నీడలు ఒకటొకటిగా ఆమె చేతుల మీదుగా పోతున్నాయి. అవతల ఊపిరి వినబడుతోంది, ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. ఎవరూ పెట్టెయ్యలేదు.